మాంటేగు సంస్కరణల బిల్లు: పార్లమెంటు విచారణయు, మనకు దక్కినదియు

మన సంఘ మహాసభల సంచికలలో విద్యార్థివేతనములు, వసతిగృహములు, ఉద్యోగములు, శాసనసభా స్థానములు అను విషయములపై వ్యాసములు విరివిగా వచ్చుచుండును. ఈ పర్యాయము సంపాదకులు చరిత్రవిషయ మొకటి వ్రాయుమని నన్ను కోరినప్పుడు, నూఱేండ్లకు పూర్వము లండను నగరమున బ్రిటిషు పార్లమెంటువారు జరపిన యొక విచారణ నాకు స్ఫురించినది. చెన్నపురి రాజధానియందలి బ్రాహ్మణేతర కులములవారు తమకు స్థానములు కావలెనని సముద్రములు దాటి పోయి యా విచారణలో వాదించి గెలిచిరి. అట్లు గెలిచినవారిలో నొకరే, అయిదేండ్లు గడచునప్పటికి మఱియొక విచారణసంఘము నెదుట నిలిచి, తనకు దక్కిన మంత్రిపదవిలో లేనివి యేవో యొక్కొక్కటిగా లెక్కించి చెప్పవలసివచ్చెను. ఈ రెండు సాక్ష్యముల నడుమ నేమి జరిగినదో యెఱుగుట మన సంఘమువంటి సంఘములకు మిక్కిలి యవసరమని నా యభిప్రాయము.

1917 ఆగస్టు 20 వ తేదీన ఇండియా రాజ్యకార్యదర్శి ఎడ్విన్ మాంటేగు కామన్సు సభలో, భారతదేశమున బాధ్యతాయుత ప్రభుత్వమును క్రమక్రమముగా నెలకొల్పుటయే తమ ఉద్దేశమని ప్రకటించెను. ఆ చలికాలమున నాయన స్వయముగా నీ దేశమునకు వచ్చి, డిసెంబరు మాసమున చెన్నపట్టణమున విడిసి, నానాసంఘముల విజ్ఞప్తులను స్వీకరించెను. రాజప్రతినిధి చెమ్సుఫర్డుతో గూడి యాయన వ్రాసిన నివేదిక 1918 లో వెలువడినది. రాష్ట్రప్రభుత్వమును రెండు పాళ్లు చేయవలెననుట దాని సారాంశము. కొన్ని శాఖలు గవర్నరును ఆయన కార్యనిర్వాహక సభ్యులును తమ చేత నుంచుకొందురు. కొన్ని శాఖలను శాసనసభకు జవాబు చెప్పవలసిన మంత్రుల కప్పగింతురు. మొదటివానిని రిజర్వు శాఖలనియు, రెండవవానిని ట్రాన్సుఫరు శాఖలనియు పిలిచిరి. ఈ యేర్పాటునకే ద్వంద్వప్రభుత్వమని మన పత్రికలవారు పేరు పెట్టిరి.

ద్వైరాజ్యమను మాట మన శాస్త్రములకు క్రొత్తది గాదు. కౌటిల్యుడు తన యర్థశాస్త్రమున వ్యసనాధికారము చెప్పుచు, ఇరువు రేలు రాజ్యము పరస్పర ద్వేషముచేతను సంఘర్షణముచేతను నశించునని పూర్వాచార్యుల మతముగా చెప్పినాడు. తానుమాత్రము దానిని పూర్తిగా నంగీకరింపలేదు. తండ్రికొడుకులో అన్నదమ్ములో యోగక్షేమములు సమానముగా గలవారైనచో నట్టి రాజ్యము నడువవచ్చునన్నాడు. ఆ గ్రంథమును మైసూరున శ్యామశాస్త్రిగారు అచ్చువేయించినది 1909 లో. పది సంవత్సరముల తరువాత ద్వంద్వప్రభుత్వమును కల్పించిన యాంగ్లేయులు దానిని చూచిరో లేదో గాని, యోగక్షేమములు సమానములుగా నుండవలెనన్న నియమము మాత్రము వారి పద్ధతిలో లేకపోయెను.

ఇక మనవారి సంగతి. 1916 డిసెంబరులో బ్రాహ్మణేతరుల ప్రకటన వెలువడినది. దానికి ముఖ్యులు పిట్టి త్యాగరాయ సెట్టిగారును, డాక్టరు టి. యం. నాయరుగారును. సెట్టిగారు తెలుగు మాటాడు దేవాంగకులజులు, చెన్నపట్టణపు వర్తకులు. నాయరుగారు మలయాళదేశీయులు, వైద్యులు, 'జస్టిస్' పత్రికకు సంపాదకులు. ఆ పత్రిక పేరే పక్షమునకును పేరైనది. మాంటేగు నివేదికలో మహమ్మదీయులకును, పంజాబులోని సిక్కులకును తప్ప నెవ్వరికిని ప్రత్యేక ప్రాతినిధ్యము కూడదని యుండుట చూచి వీరు హతాశులైరి. ఓటు హక్కులను నిర్ణయించుటకు సౌత్‌బరో ప్రభువు అధ్యక్షతను ఒక సంఘము దేశమున తిరుగుచు రాగా, అందులో సురేంద్రనాథ బెనర్జీగారును వి. యస్. శ్రీనివాసశాస్త్రిగారును సభ్యులుగా నున్నారను కారణముచేత జస్టిసు పక్షమువారు సాక్ష్యమీయక బహిష్కరించిరి. ఫలితముగా నా సంఘము వీరి కోరికను మన్నింపక నివేదిక వ్రాసికొనిపోయెను. అలిగి యింట కూర్చుండిన వాదికి ఏకపక్షముగా డిక్రీ యగుట న్యాయస్థానములలో మనము నిత్యమును చూచుచున్నదే గదా! ఆ తప్పును దిద్దుకొనుటకే వారు లండనుకు పోవలసివచ్చెను.

పార్లమెంటులో బిల్లు నడచిన తీరును కొంచెము వివరింతును. బిల్లునకు రెండవ పఠనము కామన్సు సభలో 1919 జూన్ 5 న జరిగెను. రెండవ పఠనమనగా బిల్లు యొక్క మూలసూత్రమును సభ యంగీకరించుట. పిమ్మట ప్రకరణముల వరుసను పరిశీలించుటకు, సభలో వదలక, ప్రభువులసభనుండి యేడుగురను కామన్సునుండి యేడుగురను తీసి యొక సంయుక్త విశేషసంఘమును నియమించిరి. పూర్వము దక్షిణాఫ్రికాలో హైకమిషనరుగా నుండిన సెల్‌బోర్ను ప్రభువు దానికి అధ్యక్షుడు. మాంటేగును, తొలి భారతీయ ప్రభువగు సిన్హాగారును అందు సభ్యులు. ఈ సంస్కరణలన్నచో గిట్టని బొంబాయి మాజీ గవర్నరు సిడెన్‌హాం ప్రభువును అందే యుండెను. ఇట్లు బిల్లు తెచ్చినవారిని, దానిని త్రోసివేయగోరినవారిని ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టి, ఎవరిమీద నా శాసనము ప్రయోగింపబడనున్నదో వారిని పిలిచి విచారించుట మెచ్చదగిన పద్ధతియే. మనలను అడుగక మనమీద శాసనములు చేసిన పార్లమెంటు, ఒక్కమారైనను అడిగి చేసినదని యొప్పుకొనవలెను.

ఆ వేసవిని, శరత్తును భారతదేశమునుండి పోయిన సాక్షులతో లండను నిండిపోయినది. కాంగ్రెసు పక్షమున విఠలభాయి పటేలుగారును, ముస్లిములీగు పక్షమున జిన్నాగారును సాక్ష్యమిచ్చిరి. తిలక్ గారును, అనిబిసెంటమ్మగారును అక్కడనే యుండిరి. హైదరాబాదు ఆడుపడుచు సరోజినీ నాయుడుగారు స్త్రీలకు ఓటు కావలెనని వాదించిరి. సంఘమువారు ఆ విషయమును తాము తేల్పక ఆయా రాష్ట్ర శాసనసభలకే విడిచిరి. చెన్నపురి శాసనసభ 1921 లో తీర్మానము చేసి, రాష్ట్రములలో మొట్టమొదట స్త్రీల కా హక్కు నొసగినది.

డాక్టరు నాయరుగారు అంతకుమున్నే యింగ్లాండునకు పోయి, రుగ్ణులై యుండియు, బ్రాహ్మణేతరుల పక్షమును పార్లమెంటు సభ్యులకు బోధించుచుండిరి. ఆయన సంయుక్తసంఘము నెదుట సాక్ష్యమీయవలసియుండగా, 1919 జూలై 17 న లండనులోనే పరమపదించిరి. పరదేశమున, ఏ పనికై వచ్చిరో యా పని ముంగిట నుండగా, ఆ మహాశయుడు కన్ను మూసెను. ఆ భారము వెనుక నిలిచినవారిపై బడినది. వారిలో ముఖ్యులు ఏలూరు న్యాయవాది కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు, ఆర్కాటు రామస్వామి మొదలియారుగారు, కోకా అప్పారావు నాయుడుగారు. వీరి వాదమున ప్రధానాంశ మొక్కటియే. జనసంఖ్యలో నధికులైనను విద్యలోను ఉద్యోగములలోను వెనుకబడిన తమకు, స్థానములు ముందే కేటాయింపబడనిచో, కొత్త శాసనసభలో చోటు దొరకదని.

సంయుక్తసంఘము 1919 నవంబరు 17 న నివేదిక సమర్పించెను. వెంకటరెడ్డి నాయుడుగారి బృందము పడిన శ్రమ వృథా కాలేదు. చెన్నపురిలో బ్రాహ్మణేతరులకు కొన్ని స్థానములు ప్రత్యేకింపవలెననియు, ఎన్ని యనునది ఉభయపక్షములవారు తమలో తాము మాటాడుకొని తేల్చుకొనవలెననియు, తేలనిచో మధ్యవర్తి తీర్పు చేయవలెననియు అందు వ్రాసిరి. మాంటేగు నివేదికయు సౌత్‌బరో సంఘమును నిరాకరించిన కోరికను పార్లమెంటు విచారణ మన్నించెనన్నమాట. సాక్ష్యమునకు ఫలమున్నదని యిది చూపుచున్నది.

మఱియొక మంచిపనియు నా సంఘమువారు చేసిరి. శాసనసభ కాదన్న రిజర్వు శాఖల చట్టములను ఆమోదించుటకు, ప్రభుత్వమునకు బలముండునట్లుగా 'గ్రాండు కమిటీ' యను నొక చిన్నసభను కల్పింపవలెనని మొదటి యాలోచన. అనగా గవర్నరు ఇష్టమునే సభ యిష్టముగా కనబడజేయు తెర. సంఘమువారు ఆ తెరను తీసివేసి, గవర్నరునకు సభ కాదన్న చట్టము నిజముగా కావలెనన్నచో తన పేరిట, తన బాధ్యతపై చేసికొనుగాక యనిరి. అధికారము తగ్గలేదు; కాని యెవరు చేసిరో అందరకును తెలియును. నే నా నివేదికాంశములన్నిటిలో దీనినే యుత్తమమైనదిగా నెంచెదను.

1919 డిసెంబరు 23 న బిల్లునకు రాజామోదము లభించెను. చెన్నపురిలో బ్రాహ్మణ బ్రాహ్మణేతర పక్షములవారికి స్థానముల సంఖ్యపై పొత్తు కుదరలేదు. గవర్నరు విల్లింగ్డన్ ప్రభువు ప్రయత్నములును ఫలింపలేదు. మధ్యవర్తిగా మెస్టను ప్రభువు వచ్చి 1920 మార్చిలో 28 స్థానములను ప్రత్యేకించి తీర్పు చెప్పెను. శాసనసభలో ఎన్నికద్వారా నిండవలసిన స్థానములు 98. జస్టిసు పక్షమువారికి ఈ 28 చాలలేదు. పత్రికలలోను సభలలోను గగ్గోలు పుట్టినది.

సరిగా నీ గగ్గోలు జరుగుచున్న సంవత్సరముననే అసలు పని మఱియొక చోట జరుగుచుండెను. చదువరులు దీనిని గమనింపవలెనని ప్రార్థించుచున్నాను. 1919 వ సంవత్సరపు శాసనము మంత్రుల కేయే శాఖలు వచ్చునో చెప్పదు. దాని మొదటి ప్రకరణముననే, కేంద్రాంశములు రాష్ట్రాంశములు అను విభాగమును, రాష్ట్రముల కధికారము బదలాయించుటను, రాబడుల పంపకమును, మంత్రుల కప్పగింపవలసిన అంశములను నిబంధనలచేత నేర్పఱుపవచ్చునని యున్నది. అంతే. ఆ నిబంధనలకే డివల్యూషను రూల్సు అని పేరు. అవి 1920 లో తయారై పార్లమెంటువారి యెదుట పెట్టబడినవి. సంయుక్తసంఘమువారు వానిని గూడ చూచిరి. ఫీతం అధ్యక్షతను పనిచేసిన సంఘము అంతకుముందే యంశముల పట్టికలను సిద్ధపఱచియుండెను. శాసనము ఇల్లైనచో ఈ నిబంధనల యనుబంధములే గదుల తాళపుచేతులు. మనవారో, ఇంటిలో నెవరెవరికెన్ని పీటలు వేయుదురను వివాదమున మునిగియుండిరి.

ఆ పట్టికలను విప్పి చూతము. స్థానిక స్వపరిపాలనము, ప్రజారోగ్యము, వైద్యము, విద్య, వ్యవసాయము, సహకార సంఘములు, అబ్కారీ, రిజిస్ట్రేషను, పరిశ్రమల అభివృద్ధి, దేవాదాయ ధర్మాదాయములు మంత్రులకు. భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు, న్యాయస్థానములు, చెఱసాలలు, క్షామనివారణము, ఫాక్టరీలు, విద్యుచ్ఛక్తి, కూలివారి తగాదాలు గవర్నరు వైపునకు. బొంబాయిలో అడవులు మంత్రుల కీయబడెను. చెన్నపురిలో అవియు లేవు. ధనాగారపు శాఖయు గవర్నరు సభ్యుని చేతిలోనిదే. వ్యవసాయమొకరికి, నీరొకరికి! గోదావరి కృష్ణా మండలములలోని చిన్నరైతు నడిగినను, కాలువ లేని వ్యవసాయ మెట్టిదో చెప్పును. ఖజానా ఉభయులకు నుమ్మడిది. రిజర్వు శాఖలకెంత, మంత్రుల శాఖలకెంత అను పంపకమున ఇరువైపులకును పొసగనిచో గవర్నరే తేల్చును.

ఆ ఖజానాకును ఒక కన్నము పడినది. మెస్టను ప్రభువే యధ్యక్షుడుగా ఆ సంవత్సరమే రాష్ట్రములు కేంద్రమునకు సాలీనా చెల్లింపవలసిన కప్పమును నిర్ణయించిరి. మొత్తము 983 లక్షల రూపాయలు. అందు చెన్నపురి పాలు 348 లక్షలు. బొంబాయికి 56 లక్షలు, వంగదేశమునకు 63 లక్షలు, ఐక్యపరగణాలకు 240 లక్షలు. అన్ని రాష్ట్రములలోను మన రాష్ట్రమునకే హెచ్చు. భూమిశిస్తు రాబడి యధికముగా గల రాష్ట్రమగుటచే, అనగా రైతులు కట్టిన సొమ్ము ఖజానాలో కనబడుటచే, ఈ భారము మనపై బడినది. 28 స్థానములను తేల్చినవారును 348 లక్షలను తేల్చినవారును ఒక్కరే, సంవత్సరమును ఒక్కటే. మొదటి తీర్పును గూర్చి మన పెద్దలకు తెలియనివారు లేరు. రెండవదానిని గూర్చి మన సంఘములలో మాటాడగా నేనెన్నడును వినలేదు. ఆ కప్పము పూర్తిగా తొలగినది 1928 లో.

దానమునకు మన ధర్మశాస్త్రములలో నొక లక్షణమున్నది. దాత తన స్వత్వమును విడిచి, ప్రతిగ్రహీతకు స్వత్వము కలుగజేసినప్పుడే దానము సిద్ధించును. గోవు నిచ్చి పాలు తానే పిండుకొనువాడు దాత గాడు. ఈ కొలతతో కొలిచినచో 1919 వ సంవత్సరపు శాసన మెట్టిదో పాఠకులే యూహింపగలరు.

1920 నవంబరులో ఎన్నికలు జరిగెను. కాంగ్రెసువారు బహిష్కరించిరి. రాజధాని జనసంఖ్య నాలుగుకోట్లకు పైబడియుండగా ఓటుగలవారు పండ్రెండులక్షల పైచిలుకు మాత్రమే. జస్టిసు పక్షము గెలిచెను. బ్రాహ్మణేతరులు 28 స్థానములనుగాక, వానికి మించి యెన్నో స్థానములను సంపాదించిరి. అనగా నేయే స్థానములకై లండనులో వాదించి, చెన్నపురిలో తగవులాడిరో, ఆ స్థానము లా యెన్నికలో మెస్టను తీర్పు లేకున్నను వచ్చియుండును. అయితే కాంగ్రెసు బరిలో లేదను మాటను మఱువరాదు. త్యాగరాయ సెట్టిగారు పదవి వలదనగా, ఎ. సుబ్బరాయలు రెడ్డియారుగారు ప్రధానమంత్రియైరి. పానగల్లు రాజా రామరాయణింగారును, కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారును తక్కిన యిరువురు మంత్రులు. 1921 లో పానగల్లు రాజాగారు ప్రధానులైరి.

చేతికి వచ్చిన శాఖలలో వారు పనిచేయలేదనుట యన్యాయము. దేవాదాయముల చట్టము, ఆంధ్ర విశ్వవిద్యాలయపు చట్టము ఆ పక్షపు ప్రభుత్వకాలముననే వచ్చినవి. విశ్వవిద్యాలయము 1926 లో బెజవాడలో నెలకొల్పబడినది. వెంకటరెడ్డి నాయుడుగారు అభివృద్ధిశాఖా మంత్రిగా, పరిశ్రమలకు ప్రభుత్వసహాయము నొసగు చట్టమును తెచ్చిరి. విద్యయు దేవాలయములును ట్రాన్సుఫరు పట్టికలో నుండుటచేతనే ఇవి సాధ్యమైనవి. పట్టికలో లేనిచోట వారి చేతులు కట్టువడియే యుండెను.

ఎట్లు కట్టువడెనో నాయుడుగారే చెప్పిరి. ద్వంద్వప్రభుత్వ మెట్లు నడచుచున్నదో విచారించుటకు 1924 లో సర్ అలెగ్జాండరు ముడ్డిమాన్ అధ్యక్షతను ఒక సంఘమును నియమింపగా, నాటికి మంత్రిపదవి వదలియుండిన నాయుడుగారు సాక్ష్యమిచ్చిరి. అభివృద్ధిమంత్రియైన తనకు అడవులు లేవనిరి. వ్యవసాయమంత్రికి నీటిపారుదల లేదు. రైతుల అప్పుల చట్టమును, భూమి అభివృద్ధి అప్పుల చట్టమును అమలుజరపుటలో నాయనకు సంబంధము లేదు. పరిశ్రమల మంత్రికి ఫాక్టరీలు లేవు, బాయిలర్లు లేవు, విద్యుత్తు లేదు, జలశక్తి లేదు, గనులు లేవు, కూలివారు లేరు. ఇవన్నియు రిజర్వు శాఖలవారివి. కృష్ణా గోదావరి కాలువలు రెండును కలియు ఏలూరినుండి వచ్చినవానికి, నీరు లేని వ్యవసాయశాఖ నిచ్చుట యెంత విపరీతము! ఈ సాక్ష్యము దేశమంతట ప్రసిద్ధిపొందినది. ఆ విచారణసంఘమున అధికసంఖ్యాకులు చిన్నచిన్న సవరణలతో సరిపుచ్చిరి. సప్రూ, శివస్వామి అయ్యరు, జిన్నా, పరాంజపే అను నలుగురు మాత్రము ద్వంద్వప్రభుత్వము విఫలమైనదని వేఱుగా వ్రాసిరి.

పార్లమెంటువారిని నిందించుటకు నేనిది వ్రాయుటలేదు. వారు పట్టికలను దాచలేదు. ఫీతం సంఘపు నివేదిక అచ్చుపడి యుండినది. నిబంధనల ముసాయిదాలు ఉభయసభల యెదుట నుంచబడినవి. వారికి కావలసినది వారు రాబట్టుకొనిరి. మనవారు తమ మాటను వినిపింపగలిగిన చోట స్థానములనుగూర్చియే ప్రధానముగా వినిపించిరి. నాయరుగారి బలమంతయు, వారి ప్రాణమును, దానికే వెచ్చపడినది. ఆనాటి యవమానములను తలచినచో స్థానములకై పోరాడుట సహజమే. కాని రైతుకులములవారు అన్ని వేల మైళ్లు పోయి, నీటిపారుదల ఎవరి చేతిలో నుండవలెనను ప్రశ్నను ముందునకు తేకపోవుట నాకిప్పటికిని బాధ కలిగించును.

ఈ రోజులలోను మన గ్రామములలో నిట్టిదే కనబడుచున్నది. 73 వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 న అమలులోనికి వచ్చినది. పదునొకండవ అనుసూచిలో పంచాయతీలకు 29 అంశములు చెప్పబడినవి. వ్యవసాయము, చిన్ననీటివనరులు, ప్రాథమికవిద్య అందున్నవి. కాని రాజ్యాంగము వానిని పంచాయతీల కిచ్చివేయలేదు. రాష్ట్ర శాసనసభ చట్టముచేత నీయవచ్చునని మాత్రము చెప్పినది. సర్పంచి స్థానము ఏ వర్గమునకు ప్రత్యేకింపబడునో యని మన యువకులు నెలల తరబడి వేచియుందురు. ఆ సర్పంచికి 29 లో నెన్ని దక్కినవో యడిగినవారిని నేను మిక్కిలి తక్కువగా చూచితిని.

వెంకటరెడ్డి నాయుడుగారి కథలో మఱియొక ఘట్టము మిగిలియున్నది. పార్లమెంటు మరల సంయుక్తసంఘమును వేసి, సుదీర్ఘవిచారణ జరపి, 1935 లో క్రొత్త శాసనమును చేసెను. 1937 ఏప్రిల్ 1 నుండి రాష్ట్రములలో ద్వంద్వప్రభుత్వము తొలగెను. అడవులు, నీటిపారుదల, భూమిశిస్తు, పోలీసు, ధనాగారము అన్నియు మంత్రుల వైపునకు వచ్చినవి. చెన్నపురి శాసనసభలో 215 స్థానములకు 159 గెలిచిన కాంగ్రెసువారు, గవర్నరు తన ప్రత్యేకాధికారములను వినియోగింపనని మాట యిచ్చుదాక పదవులు స్వీకరింపమనిరి. అంతవఱకు ప్రభుత్వమును నడుపుటకు గవర్నరు పిలిచినది నాయుడుగారినే. 1920 లో ఆయన పక్షమునకు స్థానములుండెను, శాఖలు లేవు. 1937 లో శాఖలన్నియు నుండెను, స్థానములు లేవు. ఆ మంత్రివర్గము జూలై నెల నడిమివఱకు నిలిచి, రాజగోపాలాచారిగారికి చోటు విడిచెను.